సిక్ఖాపదం: నేర్చుకుంటానని ఇచ్చే మాట

ఉపాసక ఉపాసికలారా,

ప్రతి ఆదివారం మన అంబేడ్కర్ భవనంలో బుద్ధుని ప్రతిమ ముందు, బాబాసాహెబ్ పటం ముందు కొవ్వొత్తి వెలిగించి త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకుంటాం. ఐదు శీలాల్లో ప్రతిదాని చివరా ఒక మాట వస్తుంది. అది సిక్ఖాపదం. ఐదు శీలాలకీ ఐదు సార్లు పలుకుతాం. ఆ మాటకి అర్థం ఏమిటని మీరెప్పుడైనా ఎవరినైనా అడిగారా?

నేను దీక్ష తీసుకున్నాక నాలుగేళ్ల దాకా అడగలేదు. అది చెవిన పడ్డప్పుడల్లా నాకు "శిక్ష" అనే వినబడేది. తప్పు చేస్తే శిక్ష పడతాదని చెప్తున్నారు కాబోలు అనుకునేవాణ్ణి. అర్థం అడిగితే, ఇన్నేళ్లుగా తెలియకుండానే చెప్తున్నానని పక్కవాళ్లకి తెలిసిపోతుందని సిగ్గు. అందుకే అందరితో పాటు గొంతు కలిపేసేవాణ్ణి.

ఈ పాఠం ఆ సిగ్గు గురించే. దాని వల్ల నాకు, నా పక్కవాళ్లకి ఎంత నష్టం జరిగిందో, దాన్ని ధమ్మం ఎలా విప్పిందో చెప్తాను. మీ జీవితంతో పోల్చి చూసుకోండి.

1. పడిపోయిన సన్‌షేడ్

నేను తాపీ మేస్త్రీని. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇళ్లు కట్టాను. మొదట కూలీగా ఇసుక మోశాను, తరవాత తాపీ పట్టాను. గోడ, ప్లాస్టరింగు నా పని. స్లాబు పనులన్నీ మా పెద్ద మేస్త్రీ చూసుకునేవాడు. దీక్ష తీసుకున్న నాలుగో ఏట నేను సొంతంగా పనులు పట్టడం మొదలెట్టాను.

అది నా రెండో ఇల్లు. ముందు కిటికీల మీద రెండున్నర అడుగులు బయటికొచ్చేలా సన్‌షేడ్ పోయాలి. ఊచలు కట్టడానికి వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వాడు మెల్లిగా నా దగ్గరకొచ్చి, "మేస్త్రీగారూ, సన్‌షేడ్‌కి మెయిన్ ఊచలు పైన రావాలి కదేటండీ? మీరు కిందకి కట్టమన్నారు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. స్లాబుకి ఊచలు కిందే ఉంటాయి, సన్‌షేడ్ కూడా చిన్న స్లాబే కదా అని నా లెక్క. "నిన్నగాక మొన్న సెంట్రింగు ఎక్కినోడివి, నాకు చెప్తావేట్రా?" అన్నాను. పదిమంది ముందు అన్నాను. వాడు తల దించుకుని నేను చెప్పినట్టే కట్టాడు. కాంక్రీటు పోసేశాం.

రెండు వారాలయ్యాక సెంట్రింగు విప్పాం. ఆఖరి కర్ర తీస్తుండగా సన్‌షేడ్ గోడ అంచున పైవైపు పగిలి, పెట్టె మూత జారినట్టు కిందకి వాలిపోయింది. కింద ఇసుక ఎత్తుతున్న ఒక అక్క పాదం మీద పెద్ద ముక్క పడింది. ప్రాణానికేం కాలేదు గానీ పాదం ఎముక విరిగింది. మూడు నెలలు పనికి రాలేకపోయింది. చలికాలం వస్తే ఈరోజుకీ ఆవిడ ఆ కాలు ఈడ్చుకునే నడుస్తుంది.

ఇంటాయన పరుగున వచ్చాడు. అప్పుడు నేనన్న మాట ఏమిటో తెలుసా? "సిమెంటు మంచిది కాదండీ, బస్తాలు గడ్డలు కట్టున్నాయి." కుర్రాడు అక్కడే ఉన్నాడు. నా మొహం చూశాడు. ఏమీ అనలేదు.

2. నాలుగో శీలం దగ్గర ఆగిన నోరు

ఆ వచ్చిన ఆదివారం పంచశీలాలు చెప్తుంటే నాలుగో శీలం దగ్గర, అంటే అబద్ధం ఆడను అనే దగ్గర, నాకు మాట రాలేదు. మాకు పాఠం చెప్పే పెద్దాయన రిటైరైన బడిపంతులు. అందరూ వెళ్లాక నన్ను కూర్చోబెట్టి ఏమైందని అడిగారు. మొత్తం చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన ఒక్క ప్రశ్న అడిగారు: "తప్పు సిమెంటుదే అయితే నువ్వు ఏం నేర్చుకుంటావు?"

నా దగ్గర జవాబు లేదు. "సిమెంటుదే తప్పంటే నువ్వు మారనక్కర్లేదు. వచ్చే నెల ఇంకో ఇంటికి అలాగే సన్‌షేడ్ పోస్తావు. అబద్ధం ముందుగా మూసేది నువ్వు నేర్చుకునే దారినే" అన్నారాయన.

అప్పుడే సిక్ఖాపదం అర్థం చెప్పారు. పాళీలో సిక్ఖా అంటే నేర్చుకోవడం, అభ్యాసం చేయడం. సంస్కృతంలో శిక్షా అంటే కూడా అదే. మన తెలుగులో శిక్షణ, శిక్షకుడు అనే మాటల్లో ఆ అర్థం ఇంకా ఉంది. శిక్ష అనే మాటకి మాత్రం వాడుకలో దండన అనే అర్థం స్థిరపడిపోయింది. కాబట్టి పంచశీలం చెప్పినప్పుడు మనం ఏ దేవుడి ఆజ్ఞకీ తల వంచడం లేదు, ఏ దండనకీ భయపడడం లేదు. "ఈ సంగతిలో నన్ను నేను తీర్చిదిద్దుకుంటాను" అని మనకి మనమే మాట ఇచ్చుకుంటున్నాం. ప్రాణం తీయకుండా ఉండడం నేర్చుకుంటాను, ఇవ్వనిది తీసుకోకుండా ఉండడం నేర్చుకుంటాను అని అర్థం. వారం వారం ఐదేసి సార్లు మనం విద్యార్థులమని ఒప్పుకుంటున్నాం.

ఇంకో మాట కూడా చెప్పారు. ధమ్మ మార్గంలో మంచి స్థాయికి చేరిన వాళ్లని కూడా పాళీలో "సేఖ" అంటారట. అంటే ఇంకా నేర్చుకుంటున్నవాడు. నేర్చుకోవడం పూర్తయినవాడు ఒక్క అరహంతుడే. మరి మీరూ నేనూ ఏ పాటి? మేస్త్రీ అయినా, మాస్టారైనా, ఆఫీసరైనా సిక్ఖాపదం పలికినంత కాలం బడి పిల్లలమే.

3. "నాకు తెలియదు" అనడం మనకెందుకు అంత కష్టం?

దీన్ని మనం నిజాయితీగా ఆలోచించాలి. మా తాతని బడి అరుగు ఎక్కనివ్వలేదు. మా నాన్న పెద్దరైతు కళ్లంలో "నీకేటి తెలుసురా" అన్న మాట వింటూనే పెరిగాడు, వింటూనే ముసలివాడయ్యాడు. తరతరాలుగా మనకి చదువు దక్కనివ్వకుండా చేసి, ఆ చదువు లేదనే మనల్ని ఎగతాళి చేశారు. అందుకే పదిమంది నన్ను "మేస్త్రీగారూ" అని పిలిచిన రోజు నా ఛాతీ పొంగింది. ఇక "తెలియదు" అని అంటే ఆ "గారూ" పోతాదని, మళ్లీ నాన్న నిలబడ్డ కళ్లంలోకి పోయి నిలబడాలని లోపల భయం.

మీలో కూడా ఈ భయం ఉండొచ్చు. బ్యాంకులో ఫారం నింపడం రాకపోయినా అడగలేకపోవడం, పిల్లల టీచరు చెప్పింది అర్థం కాకపోయినా తలాడించడం, కొత్త ఆఫీసులో కంప్యూటరు పని తెలియక పక్కకి తప్పుకోవడం ఇవన్నీ దీని పిల్లలే. దీని వేరు మనలో లేదు, మనకి జరిగిన అన్యాయంలో ఉంది. కానీ దీన్ని పీకాల్సింది మాత్రం మనమే.

బాబాసాహెబ్ దారి చూడండి. కొలంబియాలో చదివారు. 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి డి.ఎస్సీ. అందుకున్నారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షులయ్యారు. నాకింక తెలియనిది లేదని కూర్చోగల మనిషి ఎవరైనా ఉంటే ఆయనే. అయినా ధమ్మం అర్థం చేసుకోవాలని పాళీ నేర్చుకున్నారు. సొంతంగా పాళీ నిఘంటువు తయారు చేసుకున్నారు. పెద్ద వయసులో వయొలిన్ పట్టి పాఠాలు చెప్పించుకున్నారు. 1956 డిసెంబరు 5 రాత్రి, ఒళ్లు సహకరించని స్థితిలో కూడా, "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథానికి రాసిన ముందుమాట కాగితాలు మంచం దగ్గర పెట్టించుకున్నారు. మర్నాడు ఆయన లేరు. ఆ గ్రంథం 1957లో అచ్చయింది.

ఇంకొకటి గమనించండి. బాబాసాహెబ్ 1950లో ఔరంగాబాదులో పెట్టిన కాలేజీ పేరు మిలింద్. మిలిందుడు నాగసేన భిక్షువుని ప్రశ్న మీద ప్రశ్న అడిగిన రాజు. ఆ కాలేజీ ఉన్న ప్రాంగణం పేరు నాగసేనవనం. మన పిల్లలు చదివే చోటుకి ప్రశ్నించిన వాడి పేరు ఒకటి, ఓపిగ్గా జవాబు చెప్పిన వాడి పేరు ఒకటి. రాజంతటివాడు అడగడానికి సిగ్గుపడలేదు. మనకెందుకు?

4. రాహులుడి అద్దం

మజ్ఝిమ నికాయంలో అంబలట్ఠిక రాహులోవాద సుత్తం ఉంది. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన పాఠం అది. రాహులుడు అప్పటికి చిన్నవాడు. పాఠం అబద్ధంతో మొదలవుతుంది. పాత్రలో అడుగున మిగిలిన కొంచెం నీళ్లు చూపించి, తెలిసి తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడి సాధన అంతే కొంచెమని చెప్పాడు బుద్ధుడు. ఆ తరవాత అద్దం దేనికని అడిగాడు. చూసుకోవడానికని రాహులుడు జవాబిచ్చాడు. అలాగే చేసే పనిని, ఆడే మాటని, తలిచే తలపుని మూడు సార్లు చూసుకోమన్నాడు: చేయబోయే ముందు, చేస్తుండగా, చేసేశాక. దీని వల్ల నాకు గానీ ఇతరులకు గానీ చెడు జరుగుతుందా అని. చేసిన పనిలోనో, ఆడిన మాటలోనో తప్పుందని తేలితే గురువుకో, తెలివైన తోటివారికో దాచకుండా చెప్పుకుని, ఇకముందు జాగ్రత్త పడమన్నాడు.

మా తాపీ పని చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. గోడ లేపేముందు మూలమట్టం వేసి చూస్తాం. నాలుగు వరసలు లేచాక తాడుకి కట్టిన గుండు వేలాడదీసి చూస్తాం. అయిపోయాక రసమట్టం పెట్టి మళ్లీ చూస్తాం. గోడకి మూడు సార్లు చూసిన నేను నా మాటకి ఒక్కసారీ చూసుకోలేదు. "చెప్తావేట్రా" అనేముందు గుండు వేసి ఉంటే నా కోపం ఎంత వంకరగా ఉందో కనబడేది. ఆ అక్క పాదం బాగుండేది.

ఆ మర్నాడే ఇంటాయన దగ్గరకెళ్లి తప్పు నాదేనని చెప్పాను. సన్‌షేడ్ నా ఖర్చుతో తిరిగి కట్టాను. అక్కకి వైద్యం, మూడు నెలల కూలి వాయిదాల్లో ఇచ్చుకున్నాను. నష్టం తీరింది అనను. కాలు తిరిగి రాలేదు.

5. ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు

తరవాత ఆ కుర్రాడి ఇంటికెళ్లాను. "ఊచలు పైన ఎందుకుండాలో నాకు చెప్పు నాయనా" అని అడిగాను. వాడు అటూ ఇటూ చూసి, అరిగిపోయిన హవాయి చెప్పొకటి తెచ్చాడు. మడమ వైపు గట్టిగా పట్టుకుని వేళ్ల వైపు కిందకి నొక్కాడు. చెప్పు పైవైపు సన్నగా పగుళ్లు తెరుచుకున్నాయి. "సన్‌షేడ్‌కి ఒక వైపే పట్టు. బరువుకి ముందు కొస కిందకి వంగుతుంది కాబట్టి పైన సాగుతుంది. సాగే చోట ఊచ ఉండాలి" అన్నాడు. తరవాత చెప్పుని రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో నొక్కాడు. ఈసారి కిందవైపు తెరుచుకుంది. "స్లాబుకి రెండు వైపులా పట్టు ఉంది కాబట్టి కింద ఊచ." అంతే పాఠం. ఐదు నిమిషాలు పట్టలేదు. అది ముందే అడిగుంటే?

అక్కడి నుంచి నేను అడగడం అలవాటు చేసుకున్నాను. మా అమ్మాయి పాలిటెక్నిక్ చదివేటప్పుడు ప్లాను చదవడం దాని దగ్గరే నేర్చుకున్నాను. నా భార్యకి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు చోడి అంబలి కాచబోతే ఉండలు కట్టింది. ఆవిడ మంచం మీంచే, "పిండి ముందు చన్నీళ్లలో కలుపుకోవాలి, అప్పుడు మరిగే నీళ్లలో పొయ్యాలి. ఇన్నేళ్లు తాగినావు గానీ ఎలాగ కాస్తానో ఒక్కనాడూ అడిగినావా?" అంది. ఇంట్లో రోజూ నడిచే బడి ఒకటుందని నాకప్పుడు తెలిసింది. ఆ పని తెలియకపోవడాన్ని మగతనం అనుకున్నాను. దానికి కూడా సిగ్గుపడాల్సిందే.

మన జిల్లా మనిషి ఒకరి సంగతి చెప్తాను. గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులు. కొండల నుంచి వచ్చే సవరల మాట తనకు అర్థం కాలేదని, సవర మనిషినే ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. బ్రాహ్మణ పండితుడు ఒక ఆదివాసికి శిష్యుడయ్యాడు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. అంతటితో ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఐదు. ఆయన కులం చూసి ఆయన్ని మెచ్చుకోనక్కర్లేదు, కాదనీ అనక్కర్లేదు. చేసిన పని చూడండి. పై మెట్టు మీద పుట్టినవాడు కిందకి దిగి నేర్చుకోగలిగితే, మన ఇంట్లోని ఆడమనిషి దగ్గర, మన పనిలోని కుర్రాడి దగ్గర మనం నేర్చుకోలేమా?

వంశధార ఒడ్డున, కళింగపట్నం దగ్గరున్న శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆ గిడుగు వారే. మీరు ఇంకా చూడకపోతే పిల్లల్ని తీసుకుని వెళ్లండి. విజయనగరం వైపు వాళ్లకి రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ ఉంది. నేను మేస్త్రీ కన్నుతో చూశాను. అంత పెద్ద ఇటుకలు, అంత సరిగ్గా తిరిగిన గుండ్రటి గోడలు. గుండ్రంగా కట్టాలంటే మధ్యలో మేకు పాతి తాడు పట్టుకుని తిప్పాలి. ఆ తాడు పట్టినవాడూ మాలాంటి కూలీ మనిషే. నాగార్జునకొండ స్తూపాల్లో బండి చక్రం ఆకుల్లాగా లోపల గోడలు కట్టి మధ్యలో మట్టి నింపారు. అంటే తక్కువ ఇటుకతో గట్టి కట్టడం. అలాంటి ఉపాయం ఒక్కరోజులో పుట్టదు. ఒకడు కట్టి, తప్పు చూసి, ఇంకొకడికి నేర్పితే వచ్చేది.

6. నేర్చుకున్నది దాచుకోవద్దు

బాబాసాహెబ్ మనకిచ్చిన నినాదంలో మొదటి మాట చదువు. కానీ శీలం లేని విద్య ప్రమాదమని కూడా ఆయనే హెచ్చరించారు. ప్రజ్ఞతో పాటు శీలం, కరుణ ఉండాలి. మా పనిలో చాలామంది మేస్త్రీలు ఒడుపు దాచుకుంటారు. నేర్పితే కుర్రాడు రేపు పోటీకొస్తాడని. నేనూ దాచాను. ఇప్పుడు నా దగ్గరకొచ్చే ప్రతి కుర్రాడికీ, కూలికొచ్చే ఆడవాళ్లకి కూడా, మొదటి రోజే పాత చెప్పు పట్టుకుని సన్‌షేడ్ పాఠం చెప్తాను. తాపీ పట్టుకున్న ఆడమనిషికి మేస్త్రీ కూలి ఇస్తాను. నేను తప్పు చెప్తే పదిమందిలోనే చెప్పమని వాళ్లకి చెప్పి ఉంచాను. మొదట్లో నాకు కొంచెం నొప్పిగానే ఉండేది. ఇప్పుడూ అప్పుడప్పుడూ ఉంటుంది.

"మాకు వయసైపోయింది, బుర్రకెక్కదు" అనేవాళ్లకి ఒక్క మాట. చూళపంథకుడు అనే భిక్షువుకి నాలుగు నెలలు చదివినా ఒక్క పద్యం నోటికి రాలేదు. సొంత అన్నే విహారం విడిచి పొమ్మన్నాడు. బుద్ధుడు పొమ్మనలేదు. చేతికి తెల్లటి గుడ్డ ముక్క ఇచ్చి, తుడుస్తూ ధ్యానం చేయమన్నాడు. గుడ్డ మాసిపోవడం చూసి అతను అనిత్యాన్ని గ్రహించాడు. పద్యంతో రానివాడికి గుడ్డతో వచ్చింది. మీకు పుస్తకంతో రాకపోతే చేతిపనితో వస్తుంది, పిల్లల నోటితో వస్తుంది.

దీక్ష రోజున మనం చేసిన 22 ప్రతిజ్ఞల్లో, ఇది నాకు కొత్త జన్మ అనే ప్రతిజ్ఞ కూడా ఉంది. కొత్తగా పుట్టినవాడు అన్నీ నేర్చుకోవాల్సిందే. అందులో చిన్నతనం లేదు.

ఈ వారం అభ్యాసం

ఒకటి. పంచశీలం చెప్పేటప్పుడు సిక్ఖాపదం అన్న చోట ఒక్క క్షణం ఆగి, "నేర్చుకుంటాను" అని మనసులో అనుకోండి.

రెండు. మీకంటే చిన్నవాళ్లని గానీ, మీ కింద పనిచేసేవాళ్లని గానీ, ఇంట్లో ఆడవాళ్లని గానీ, "ఇది నాకు తెలియదు, చెప్పు" అని ఒక్క సంగతి అడిగి నేర్చుకోండి.

మూడు. మీకు బాగా తెలిసిన పని ఒకటి, డబ్బు తీసుకోకుండా, ఏదీ దాచకుండా ఒకరికి నేర్పండి.

ఆదివారం చర్చకి ప్రశ్నలు

మన కుటుంబాల్లో "తెలియదు" అనడానికి ఎక్కువ భయపడేది ఎవరు, ఎందుకు? మీ పనిలో ఒక తప్పుని ఇంకొకరి మీదకో, వస్తువు మీదకో తోసిన సందర్భం ఉందా? అప్పుడు మీరు నేర్చుకోకుండా పోయింది ఏమిటి?

వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకురండి. జవాబులు వాళ్ల దగ్గర కూడా ఉంటాయి.

నమో బుద్ధాయ! జై భీమ్!